ఎంజీబీ ఇంజిన్ ఎంత వేడి మీద నడవాలి: నా అనుభవం

ఎంజీబీ అంటే బ్రిటిష్ కంపెనీ ఎంజీ తయారు చేసిన పాత స్పోర్ట్స్ కారు. 82 డిగ్రీల థర్మోస్టాట్ (వేడి చేరాకే తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) బిగించిన ఎంజీబీలో, చల్లటి రోజున ఖాళీ రోడ్డు మీద గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) వేడి 82కీ 88కీ మధ్య ఉండాలి. వేసవిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 95 దాకా, ఒక్కోసారి 100 దాకా పోతుంది. బండి కదిలి రేడియేటర్‌కి గాలి తగలగానే కొద్ది నిమిషాల్లో మళ్లీ 90 లోపుకి దిగిపోవాలి. ఇలాంటి పాత స్పోర్ట్స్ కార్లకు నార్మల్ అంటే ఈ ఎక్కి దిగడమే. ఎక్కినది దిగకపోతే, లేదా కారణం లేకుండా ఎక్కితే అప్పుడు వెతకాలి.

కొత్త కార్ల నుంచి దీనిలోకి వచ్చినవాళ్లు ముల్లు కదిలిన ప్రతిసారీ కంగారు పడుతుంటారు. చాలా కొత్త కార్లలో నీళ్ల వేడి పదీ పదిహేను డిగ్రీలు అటూ ఇటూ మారినా ముల్లు నడిమధ్యే నిలబడేలా గేజ్‌ని తయారు చేస్తారు. ఎంజీబీ గేజ్‌కి అలాంటి మర్యాదలు లేవు, ఇంజిన్‌లో ఎంతుంటే అంత చూపిస్తుంది. అది మంచి గుణం, చదవడం వస్తే.

నేను చెబుతున్నది ఇంగ్లండ్‌లో నడుస్తున్న 1970 నాటి రోడ్‌స్టర్ గురించి. 1798 సీసీ, 18జీజీ ఇంజిన్, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు, బెల్ట్‌తో తిరిగే ఫ్యాన్, 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) రేడియేటర్ మూత, వేడికి పొంగిన నీళ్లు చేరే ఎక్స్‌పాన్షన్ బాటిల్ లేదు. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్‌డన్‌లో తయారైన ఈ కారులోని బీ సిరీస్ ఇంజిన్ మనకి కొత్తదేమీ కాదు. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ ఇంజిన్ ఈ కుటుంబానిదే. అంబాసిడర్ హెడ్ విప్పిన మెకానిక్‌కి ఎంజీబీ బానెట్ ఎత్తితే అంతా తెలిసిన సరుకే కనిపిస్తుంది.

సమస్య ఇదీ: ఊళ్లో బాగానే ఉంటుంది, మోటార్‌వే మీద గంటకు 100 కిలోమీటర్లు దాటి కాసేపు నడిపితే ముల్లు మెల్లగా ఎక్కుతుంది, పొడుగాటి ఎత్తు వస్తే హెచ్ (హాట్) గుర్తు వైపు పోతుంది, వేగం తగ్గిస్తే దిగుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు పెద్ద రేడియేటర్ కొంటారు, తర్వాత ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడతారు, చివరికి థర్మోస్టాట్ తీసి పారేస్తారు. నేను దీనికి పూర్తిగా ఎదురు దిశలో వెళ్లాను. కొలిచే సాధనం నమ్మకమైనదో కాదో ముందు తేల్చి, ఆ తర్వాతే కారు మీద చెయ్యి వేశాను.

నా గేజ్ మీద అంకెల్లేవు. సి (కోల్డ్), ఎన్ (నార్మల్), హెచ్ (హాట్) అని మూడక్షరాలు మాత్రమే. ఆయిల్ ప్రెషర్, నీళ్ల వేడి రెండూ ఒకే గుండ్రటి డబ్బాలో ఉంటాయి. వేడి చూపేది కరెంటుతో పనిచేసేది కాదు. హెడ్ ముందు భాగంలో ఒక చిన్న ఇత్తడి బల్బు, దాని నుంచి డాష్‌బోర్డు దాకా సన్నటి రాగి గొట్టం, లోపల ఈథర్. వేడికి ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి ముల్లుని తోస్తుంది. ఆ గొట్టం తెగినా, గట్టిగా మడత పడినా గేజ్ పనైపోయినట్టే. అందుకే బల్బు విప్పేటప్పుడు నట్ ఒక్కటే తిరగాలి, గొట్టం దానితో పాటు మెలి తిరగకూడదు. యాభై ఏళ్ల తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టడం మంచిది. మర్నాడు నట్‌ని కొద్దిగా బిగించి, కొద్దిగా వదులు చేసి, అలా అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి.

బల్బు బయటికి వచ్చాక దాన్ని నీళ్లగిన్నెలో వేలాడదీశాను. గిన్నె అడుగుకి తగలకూడదు, ఎందుకంటే అడుగు నీళ్ల కన్నా వేడిగా ఉంటుంది. పక్కనే వంటింటి డిజిటల్ థర్మామీటర్. నీళ్లు మెల్లగా వేడి చేస్తూ 70, 80, 90 దగ్గర కొద్దిసేపు ఆపి, గేజ్ గాజు మీద చెరిగిపోయే పెన్నుతో గీతలు పెట్టాను. మరిగే నీళ్లు చివరి గీత. ఒక సంగతి: నీళ్లు 100 దగ్గర మరిగేది సముద్రమట్టం దగ్గర. ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. విశాఖలో చేస్తే 100, హైదరాబాద్‌లో చేస్తే 98 చిల్లర. ఈ పరీక్షలో తేలింది ఏమిటంటే, నా గేజ్‌లో ఎన్ అక్షరం మధ్యభాగం 85, దాని కుడి అంచు 95, హెచ్ మొదలయ్యేది 110. అంతకుముందు దాకా భయపెట్టిన స్థానం నిజానికి 97. అయినా అది కూడా ఎక్కువే. ఖాళీ రోడ్డు మీద 97 రాకూడదు.

తర్వాతి మోడళ్లలో కొన్నిటికి ఎలక్ట్రిక్ గేజ్ ఉంటుంది. దానికీ పెట్రోల్ గేజ్‌కీ కలిపి 10 వోల్టుల స్టెబిలైజర్ ఒకటి కరెంటు ఇస్తుంది. అది పాడైతే రెండు ముళ్లూ ఒకేసారి ఎక్కువ చూపిస్తాయి. నీళ్ల వేడి పెరిగినప్పుడల్లా ట్యాంకులో పెట్రోల్ కూడా పెరిగినట్టు కనిపిస్తుంటే ఇంజిన్ జోలికి పోవద్దు, ముందు ఆ స్టెబిలైజర్ చూడండి.

గేజ్‌తో పాటు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి ఉంటే చాలా సమయం కలిసొస్తుంది. కానీ దాన్ని మెరిసే లోహం మీద పెడితే అది తక్కువ చూపిస్తుంది. మెరిసే అల్యూమినియం, ఇత్తడి తమ వేడిని సరిగా వెదజల్లవు, చుట్టుపక్కల వస్తువుల వేడిని తిప్పి కొడతాయి. థర్మోస్టాట్ మూత మీద, రేడియేటర్ పై ట్యాంకు మీద, కింది ట్యాంకు మీద, బ్లాక్ వెనక భాగాన తలా ఒక నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదే కొలవాలి. ప్రతిసారీ అదే చోట, అంతే దూరం నుంచి.

ఇక థర్మోస్టాట్. ఫ్యాక్టరీ పుస్తకం మూడు రకాలు చెబుతుంది: మామూలుగా 82, వేడి దేశాలకు 74, చలి దేశాలకు 88. ఈ అంకె తెరుచుకోవడం మొదలయ్యే వేడి. పూర్తిగా తెరుచుకోవాలంటే మరో పది, పన్నెండు డిగ్రీలు కావాలి. అందుకే 82 రకం పెట్టిన కారు 82 దగ్గరే ఆగదు. ఇంజిన్ ఎంత వేడి పుట్టిస్తుందో దాన్ని బట్టి 82కీ 94కీ మధ్య ఎక్కడో సర్దుకుంటుంది. 74 రకం పెడితే ఇంజిన్ చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక 74 అయినా 88 అయినా ఒకటే, అక్కడి నుంచి పని రేడియేటర్‌దే. 74 ఇచ్చే లాభం ఒక్కటే: ట్రాఫిక్‌లోకి వెళ్లేసరికి ముల్లు కొంచెం కింద నుంచి బయలుదేరుతుంది.

కొత్తది కొన్నా సరే, బిగించే ముందు గిన్నెలో వేసి చూడాలి. నేను పరీక్షించినవాటిలో 82 అని ముద్ర ఉండి 86 దాకా కదలనిది ఒకటి ఉంది. బిగించేటప్పుడు మైనం నింపిన కొస, అంటే స్ప్రింగు వైపు, ఇంజిన్ లోపలికి ఉండాలి. అంచులో చిన్న రంధ్రం, అందులో కదిలే పిన్ను ఉంటే అది గాలి పోవడానికి. అది లేని రకమైతే 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయాలి. లేకపోతే థర్మోస్టాట్ కింద గాలి చిక్కుకుంటుంది, మైనానికి నీళ్లు తగలవు, అది తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేశాక ముల్లు 95 దాకా ఎగిరి ఒక్కసారిగా 80కి పడిపోవడం చాలావరకు దీనివల్లే. మొదటిసారి తెరుచుకున్నప్పుడు కొద్దిగా, నాలుగైదు డిగ్రీలు ఊగడం మామూలే.

థర్మోస్టాట్ తీసేయడం మాత్రం తప్పు. మన దగ్గర అంబాసిడర్లకు ఈ వైద్యం చాలా జరిగింది. 70 కన్నా తక్కువలో నడిచే ఇంజిన్‌లో ఆయిల్‌లోకి చేరిన తేమ, పెట్రోల్ ఆవిరైపోవు. రాకర్ కవర్ లోపల, ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి తెల్లటి జిడ్డు చేరుతుంది. సిలిండర్ గోడలు, రింగులు త్వరగా అరుగుతాయి. పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. హెచ్ వైపు పోయే ముల్లుని చూసి భయపడినంతగా సి వైపు ఉండిపోయే ముల్లుని చూసి ఎవరూ భయపడరు. ఇంజిన్ ఆయుష్షు విషయంలో రెండోది తక్కువదేమీ కాదు.

ఇంతవరకు చేసి మళ్లీ రోడ్డు మీద కొలిస్తే లెక్క ఇలా వచ్చింది: మోటార్‌వే మీద థర్మోస్టాట్ మూత 97, ఆపి వెంటనే చూస్తే పై ట్యాంకు 94, కింది ట్యాంకు 64. ముప్పై డిగ్రీల తేడా. చూడ్డానికి రేడియేటర్ బ్రహ్మాండంగా చల్లబరుస్తున్నట్టు ఉంటుంది. నిజానికి నీళ్లు చాలా మెల్లగా పోతున్నాయని దాని అర్థం. కోర్‌లో, అంటే రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, ఎక్కువసేపు ఉండిపోయిన కొద్ది నీళ్లు బాగా చల్లబడతాయి, కానీ ఇంజిన్ నుంచి తీసుకుపోయే మొత్తం వేడి తక్కువ. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థలో ఈ తేడా పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. తేడా మరీ తక్కువగా ఉండి రెండు ట్యాంకులూ మండుతుంటే అప్పుడు తప్పు గాలి వైపుది. ఫ్యాన్ సరిగా లాగడం లేదనో, రేకులు మూసుకుపోయాయనో అనుకోవాలి.

నీళ్లు మెల్లగా పోవడానికి కారణాలు నాలుగు చోట్ల వెతికాను. మొదటిది కింది హోస్. పంపు లాగే వైపు ఇదే కాబట్టి, మెత్తబడిన హోస్ 3500 ఆర్‌పీఎం దాటాక లోపలికి నొక్కుకుపోతుంది. బానెట్ తెరిచి, వేడి ఇంజిన్‌ని ఎవరితోనైనా రేస్ చేయిస్తూ పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. చేతులూ బట్టలూ ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి. నా కారులో అది గట్టిగానే ఉంది. రెండోది పంపు. ఎన్నో ఏళ్లు ఉత్త నీళ్లతో నడిచిన ఇంజిన్లలో పంపు లోపలి రెక్కలు తుప్పుకి తరిగిపోతాయి. విప్పి చూస్తే రెక్కలు బాగానే ఉన్నాయి. బెల్ట్ కూడా సరిగ్గానే ఉంది. పొడుగాటి భాగం మధ్యలో వేలితో నొక్కితే 13 మిల్లీమీటర్లు దిగాలి.

మూడోది బ్లాక్. అసలు దొంగ ఇక్కడ దొరికింది. నీళ్లు బ్లాక్‌లోకి వచ్చేది ముందు నుంచి, హెడ్ నుంచి బయటికి పోయేదీ ముందు నుంచే. వెనక, నాలుగో సిలిండర్ చుట్టూ ప్రవాహం అన్నిటికన్నా బలహీనం. పోత ఇనుము నుంచి రాలిన తుప్పు, పాత పోత ఇసుక అన్నీ అక్కడే కూరుకుపోతాయి. బ్లాక్ కుడివైపు వెనక ఒక డ్రెయిన్ ట్యాప్ ఉంటుంది. దాన్ని తిప్పితే నీళ్లు ధారగా రావాలి. నా బండిలో ఒక్క చుక్క రాలేదు. ట్యాప్ మొత్తం విప్పేశాక కూడా రాలేదు. వెల్డింగ్ తీగ ముక్క కొస వంచి ఆ రంధ్రంలో గుచ్చి కెలికితే ముందు నల్లటి బురద, తర్వాత పెచ్చులు, చివరికి నీళ్లు వచ్చాయి.

శుభ్రం చేయడం ఇలా: థర్మోస్టాట్ తీసేసి, రేడియేటర్ విడదీసి, తోటపైపుతో హెడ్ ముందు నుంచి నీళ్లు వెనక్కి పంపుతూ, ట్యాప్ రంధ్రంలో తీగ ఆడిస్తూ ఉండాలి. వచ్చే నీళ్లు తేరేదాకా. తర్వాత రేడియేటర్ మళ్లీ కలిపి, లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కలిపి నింపి, ఇంజిన్ వేడెక్కాక అరగంట నడిపాను. దించేసరికి నీళ్లు ముదురు గోధుమ రంగులోకి మారాయి. మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఆమ్లం మిగలకుండా కొద్దిగా చాకలి సోడా కలిపిన నీళ్లతో నడిపి, మళ్లీ కడిగాను. రేడియేటర్ అల్యూమినియందైతే ఈ ఆమ్లం, సోడా దానిలోకి వెళ్లకుండా చూసుకోవాలి. ఇంకో హెచ్చరిక: బ్లాక్ పక్కన ఉండే కోర్ ప్లగ్గులు, ఆ పల్చటి రేకు బిళ్లలు, లోపల తుప్పు పట్టి ఉంటే తుప్పే వాటిని ఆపుతూ ఉంటుంది. శుభ్రం చేశాక అవి కారడం మొదలైతే ఆశ్చర్యపోనక్కరలేదు. అవి ఎప్పటికైనా కారేవే, అదీ రోడ్డు మధ్యలో.

నాలుగోది రేడియేటర్. విప్పి, కింది గొట్టం అరచేత్తో మూసి, నీళ్లతో నింపి ఒక్కసారి చెయ్యి తీస్తే నీళ్లు గొట్టం నిండుగా దుమకాలి. నాది సన్నగా పారింది. రేడియేటర్ బాగుచేసే షాపులో ట్యాంకులు ఉంచి కోర్ మార్పించాను. అల్యూమినియం కన్నా ఇత్తడి, రాగి రేడియేటర్‌ని బాగుచేయించుకోవడమే నాకు ఇష్టం. ఎక్కడైనా టంకం వేసి సరిచేయొచ్చు.

రేడియేటర్ మళ్లీ పెట్టేటప్పుడు చుట్టూ ఉండే స్పాంజి పట్టీలని నిర్లక్ష్యం చేయకండి. రేడియేటర్ బిగించే రేకుకీ బానెట్‌కీ మధ్య ఆ పట్టీ లేకపోతే, ముందు నుంచి వచ్చిన గాలి కోర్ గుండా దూరే శ్రమ లేకుండా పై నుంచి దాటిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ గదిలోని వేడిగాలి అదే దారిలో వెనక్కి తిరిగి మళ్లీ రేడియేటర్‌లోకి వస్తుంది. చవకైన ముక్క, కానీ ట్రాఫిక్‌లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. గ్రిల్ ముందు పెట్టుకునే పెద్ద పెద్ద లైట్లు, బిళ్లలు కూడా గాలికి అడ్డమే. ఫ్యాన్ తిరగేసి బిగించి ఉంటే అది గాలిని లాగే శక్తి చాలా తగ్గిపోతుంది. ఎవరో ఎప్పుడో పంపు మార్చి ఉంటే అది కూడా ఒకసారి చూడాలి.

కూలెంట్ మొత్తం ఐదున్నర లీటర్లకు అటూ ఇటూ. నీలి రంగు పాత తరహా ఇథిలీన్ గ్లైకాల్ వాడుతున్నాను, సగం నీళ్లు, సగం అది. కొత్త కార్లకు వచ్చే ఎక్కువ కాలం మన్నే రకాలు పాత టంకానికీ పాత సీళ్లకీ పడవని ఈ కార్ల క్లబ్బుల్లో చాలామంది వాటిని దూరం పెడతారు, నేనూ అంతే. నీలి రకాన్ని రెండేళ్లకోసారి మార్చాలి, ఎందుకంటే తుప్పుని ఆపే మందు అప్పటికి అయిపోతుంది. గ్లైకాల్ ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం అనుకోకండి. ఉత్త నీళ్లే వేడిని ఎక్కువ మోస్తాయి. మంచు పడని చోట మూడో వంతు గ్లైకాల్ చాలు. అయితే సున్నాకి దించకూడదు, తుప్పు మందు అందులోనే ఉంది.

నింపేటప్పుడు కారు ముందు భాగం కొద్దిగా ఎత్తి, హీటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి, మెల్లగా పోయాలి. పై హోస్‌ని చేత్తో పిసుకుతూ ఉంటే గాలి బుడగలు బయటికి వస్తాయి. మూత తీసి ఉంచి ఇంజిన్ నడిపి, థర్మోస్టాట్ తెరుచుకుని నీటి మట్టం ఒక్కసారి పడినప్పుడు మిగతాది పోయాలి. ఎక్స్‌పాన్షన్ బాటిల్ లేని రేడియేటర్‌ని అంచు దాకా నింపకూడదు. చల్లగా ఉన్నప్పుడు మెడకు 25 మిల్లీమీటర్లు కింద ఉండాలి. అంచు దాకా నింపితే వేడికి వ్యాకోచించిన నీళ్లని పక్క గొట్టం గుండా కక్కేసి తన మట్టం తానే వెతుక్కుంటుంది. అది చూసి నీళ్లు తాగుతోందని రోజూ పోస్తూ, రోజూ కక్కించుకుంటూ ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు.

మూత గురించి. పాత మోడళ్లకు 7 పీఎస్ఐ, తర్వాత 10, చివరివాటికి ఇంకా ఎక్కువ. 10 పీఎస్ఐ ఒత్తిడిలో ఉత్త నీళ్లు మరిగేది సుమారు 115 దగ్గర, సగం గ్లైకాల్ కలిపితే 120 దాటాకే. కాబట్టి 100 చూపించగానే మరిగిపోతుందన్న భయం అక్కర్లేదు, మూత ఒత్తిడి నిలబెట్టినంత కాలం. మూత స్ప్రింగు బలహీనపడితే గేజ్ ఇంకా 95 చూపిస్తుండగానే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు పుడతాయి. బుడగలున్న చోట లోహానికి నీళ్లు తగలవు, వేడి అక్కడే పోగవుతుంది. మూతల్లో మెడ లోతు 19 మిల్లీమీటర్లదీ 25 మిల్లీమీటర్లదీ ఉన్నాయి. పొట్టిది లోతు మెడ మీద పెడితే బిగుసుకున్నట్టే ఉంటుంది గానీ లోపల కూర్చోదు. స్కేలు పెట్టి మెడ కొలిచి కొనాలి.

ఇవన్నీ అయ్యాక మోటార్‌వే మీద 97 కాస్తా 89కి వచ్చింది. మిగతా నాలుగు డిగ్రీలు నీళ్లలో లేవు, నిప్పులో ఉన్నాయి. స్ట్రోబ్ లైట్ (టైమింగ్ కొలిచే మిణుకు దీపం) పెట్టి చూస్తే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, నాలుగు డిగ్రీలు వెనక ఉంది. ఇవి వేడి డిగ్రీలు కావు, క్రాంక్ తిరిగే కోణం. ఈ ఇంజిన్‌కి స్టాటిక్, అంటే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, 10 డిగ్రీలు, 600 ఆర్‌పీఎం దగ్గర స్ట్రోబ్‌తో 14. టైమింగ్ వెనకబడితే మంట ఆలస్యంగా రాజుకుంటుంది, పిస్టన్‌ని తోయాల్సిన వేడి హెడ్‌లోకీ ఎగ్జాస్ట్ వాల్వుల్లోకీ పోతుంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచే భాగం) వ్యాక్యూమ్ గొట్టాన్ని నోటితో లాగి చూడాలి: లోపలి పళ్లెం కదిలి, నాలుకతో గొట్టం మూసినంతసేపు అలాగే ఆగాలి. పొర చిరిగి ఉంటే ఐడిల్ టైమింగ్ సరిగ్గానే కనిపిస్తుంది, సమ వేగంతో పోతున్నప్పుడు మాత్రం వెనకబడి ఉంటుంది.

పెట్రోల్, గాలి మిక్చర్ లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువగా, ఉన్నా ఇదే ఫలితం. ఎస్‌యూ కార్బురేటర్ పక్కన ఉన్న చిన్న పిన్నుతో దాని లోపలి పిస్టన్‌ని 0.8 మిల్లీమీటరు మాత్రమే ఎత్తాలి. ఇంజిన్ వేగం ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు, పెరిగి అలాగే ఉండిపోతే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), తగ్గి ఆగిపోబోతే లీన్. నాది లీన్. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్‌లో ఇంజిన్ కొంచెం లీన్‌గా నడుస్తుంది. కార్బురేటర్ అడుగున ఉండే జెట్ నట్‌ని దాని ఆరు ముఖాల్లో ఒక ముఖం, ఒక్కోసారి రెండు ముఖాలు కిందికి తిప్పితే చాలు. ఇండియాలో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో కార్బురేటర్ బండ్లు నడిపేవాళ్లకి ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. రబ్బరు గొట్టాలు కూడా ఇథనాల్‌కి ఆగే రకానికి మార్చుకోవాలి.

చివరి లెక్క: మోటార్‌వే మీద 85, పొడుగాటి ఎత్తు చివర 90, వేసవి ట్రాఫిక్‌లో 96, కదిలాక మళ్లీ 86. ఫ్యాక్టరీ ఫ్యాన్‌తోనే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకునేవాళ్లు స్విచ్ వేడిని థర్మోస్టాట్‌కి పైన పెట్టుకోవాలి: 82 థర్మోస్టాట్ అయితే 92, 95 మధ్య ఆన్, 87 దగ్గర ఆఫ్. ఈ అంకెలు పై ట్యాంకు వైపు కొలిచేవి. సెన్సర్ కింది ట్యాంకు వైపు ఉంటే పది డిగ్రీలు తగ్గించాలి. స్విచ్ 80 దగ్గర పెడితే ఇంజిన్ వేడెక్కింది మొదలు ఫ్యాన్ ఆగదు, బ్యాటరీ అలసిపోతుంది.

ఇక్కడ చెప్పినవేవీ కాకుండా, స్టార్ట్ చేసిన నిమిషంలోనే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే పై హోస్ గట్టిపడుతుంటే, ఎక్కడా కారకుండా నీళ్లు తగ్గుతుంటే, అది హెడ్ గాస్కెట్. రేడియేటర్ మెడ మీద పెట్టే నీలి ద్రవం పరీక్ష సామాను దొరుకుతుంది. నీళ్లలోకి మంట వాయువు వస్తుంటే ఆ ద్రవం పసుపు రంగుకి మారుతుంది. అది మారితే రేడియేటర్ మీద డబ్బు పెట్టడం ఆపి హెడ్ దించాలి.

నీళ్ల ముల్లుని చూసేవాళ్లు పక్కనే ఉన్న ఆయిల్ ముల్లుని కూడా చూడాలి. 20డబ్ల్యూ50 ఆయిల్‌తో వేడెక్కిన ఇంజిన్ నడకలో 50 నుంచి 80 పీఎస్ఐ, ఐడిల్‌లో 10 నుంచి 25 మధ్య ఉండాలి. నీళ్లు 82కి చేరేసరికి ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది, దానికి ఇంచుమించు రెండింతల సమయం పడుతుంది. అందుకే నీళ్ల ముల్లు ఎన్ దగ్గరికి వచ్చినా, ఆయిల్ ప్రెషర్ చల్లటప్పటి ఎత్తు నుంచి దిగేదాకా నేను 3000 ఆర్‌పీఎం దాటించను. ఆయిల్ 90, 110 మధ్య ఉంటే దాని పని అది బాగా చేస్తుంది. ఆయిల్ కూలర్ ఉన్న కారులో చలికాలం దానికి అట్టముక్క అడ్డం పెట్టినా, ఆయిల్ థర్మోస్టాట్ బిగించినా మంచిదే, లేకపోతే ఆయిల్ ఎప్పటికీ 80 దాటదు.

ఎక్కడైనా ముల్లు 110 దాటితే హీటర్ పూర్తిగా తెరిచి, బ్లోయర్ వేసి, పక్కకి తీసి ఆపండి. ఆవిరి రాకపోతే వెంటనే ఇంజిన్ కట్టేయకుండా 1500 ఆర్‌పీఎం దగ్గర ఒకటి రెండు నిమిషాలు నడపండి, పంపూ ఫ్యాన్ తిరుగుతూ వేడిని లాగేస్తాయి. ఆవిరి కక్కుతుంటే మాత్రం వెంటనే కట్టేయాలి. మూత చేత్తో పట్టుకోగలిగినంత చల్లారేదాకా విప్పొద్దు. విప్పాక కూడా కాలుతున్న బ్లాక్‌లో చన్నీళ్లు కుమ్మరించొద్దు, పోత ఇనుము పగులుతుంది. మామూలుగా ఆపినప్పుడు, ఇంజిన్ కట్టేశాక నీళ్లు తిరగడం ఆగిపోతుంది కాబట్టి ముల్లు ఐదు నుంచి పది డిగ్రీలు పైకి పోతుంది. పెట్రోల్ బంకులో ఆపి పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే 95 కనిపించడం ఇందుకే. ఆ సమయంలోనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి పైన ఉన్న కార్బురేటర్లలో పెట్రోల్ ఉడికి, స్టార్ట్ అయ్యాక కాసేపు తడబడుతుంది. కార్బురేటర్లకీ మానిఫోల్డ్‌కీ మధ్య ఉండే హీట్ షీల్డ్, దాని ఇన్సులేషన్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, ఆపిన వెంటనే బానెట్ ఎత్తి ఉంచితే ఆ తడబాటు చాలావరకు పోతుంది.